తాళం తీసినా ఆగని బండి

నా భయమేమిటో ముందే చెప్పేస్తాను. పాముకూ కరెంటుకూ జ్వరానికీ కూడా భయపడేదాన్నే గానీ, అన్నిటికన్నా నాకు భయం మా ఆయన నోట్లోంచి వచ్చే "సరేన్నా" అనే మాట. ఎవడైనా తెల్లచొక్కా వేసుకుని, కారు దిగి, భుజం మీద చెయ్యేసి అడిగితే చాలు, దేనికైనా "సరేన్నా" అంటాడు. ఏదో ఒక రోజు ఆ మాట ఆయన్ని బోనులో నిలబెట్టి, నన్నూ మూడేళ్ళ ఆసియానూ రోడ్డు మీద నిలబెడుతుందని పెళ్ళయిన ఏడాది నుంచీ భయపడుతూనే ఉన్నాను. నిద్రపోయే పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకునే మనిషిని నేను. అందుకని నా భయాలను మా ఇంట్లో ఎవరూ లెక్కచెయ్యరు. ఈ ఒక్కటి మాత్రం నిజమైంది. పోయిన ఎండాకాలం సంగతి ఇది.

మా ఆయన అమీర్ బాషా. ప్రొద్దుటూరు నుంచి దువ్వూరు పోయే దారిలో రేకుల షెడ్డు మాది, ఇల్లు షెడ్డు వెనకే. పాత కార్లంటే, అందులోనూ పాత జర్మనీ కార్లంటే ఆయనకు పిచ్చి. అన్నం ముందు కూర్చుని కూడా ఇంజిన్ల గురించే చెబుతాడు. శివరాత్రి వెళ్ళిన వారానికి పులివెందుల నుంచి లారీ మీద ఒక బెంజి కారు వచ్చింది. నేను పుట్టడానికి ఇరవై ఏళ్ళ ముందుది. దాని వెంట నాగేంద్రరెడ్డి, ఆయన మనుషులు ఇద్దరు వచ్చారు. కారు వాళ్ళ తాతది. తాత పోయాక పదహారేళ్ళు పశువుల కొట్టంలో పెట్టారట. వెన్నరంగు అని వాళ్ళు చెబితే నమ్మాలి గానీ, దుమ్మూ కోళ్ళ రెట్టలూ తప్ప రంగేమీ కనపడలేదు.

"ఏం బాషా, లేపుతావా దీన్ని? మే నెలలో మా తమ్ముడు వివేక్ పెండ్లి, జమ్మలమడుగులో. పెండ్లికొడుకు మా తాత కార్లోనే పోవాల."

మా ఆయన బానెట్ ఎత్తి, లోపలికి తల పెట్టి, చాలాసేపటికి బయటికి తీశాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఇది సచ్చే జాతి గాదన్నా. నిద్రపోతాండాదంతే."

ఆ రెండు నెలలూ మా ఇంట్లో పండగే. అది దాచడం ఎందుకు? డాష్‌బోర్డు అరలో కందిరీగల గూడు దొరికింది. సీట్లు విప్పితే లోపల కొబ్బరి పీచు. "జర్మనీవాళ్ళకు కోనసీమ తెలుసుమే!" అని మా ఆయన పడీపడీ నవ్వాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. నేను ఇంటర్ మొదటి సంవత్సరం సగంలో ఉండగా చదువు మాన్పించి పెళ్ళి చేశారు. ఆ సగం చదువుతోనే, మధ్యాహ్నం ఆసియా నిద్రపోయాక, కారుతో వచ్చిన పాత పుస్తకం ముందు పెట్టుకుని, తెలియని మాటలు ఫోనులో వెతుక్కుంటూ ఆయనకు చదివి చెప్పేదాన్ని. ఆయన కారు కింద పడుకుని "ఇంగోసారి చదువు" అనేవాడు. మళ్ళీ చదివేదాన్ని. పెళ్ళయ్యాక నాకు పనికొచ్చిన మొదటి పుస్తకం అది.

ఆ పుస్తకంలో చదివే నాకు తెలిసింది. ఆ కాలపు డీజిల్ బెంజిలో ఇంజిన్ ఆపేది కరెంటు కాదు. ఇంజిన్‌కు ముందు వైపు చిన్న పంపు ఉంటుంది, అది గాలిని పీలుస్తుంది. తాళం తిప్పినప్పుడు ఆ పీల్పు బలంతోనే ఇంజిన్ ఆగుతుంది. బ్రేకు తొక్కే కాలికి సాయం చేసేది కూడా అదే పీల్పు. పంపులోని రబ్బరు పలక చినిగితే తాళం తీసినా ఇంజిన్ ఆడుతూనే ఉంటుంది, బ్రేకు బండరాయి అవుతుంది. అలాంటప్పుడు ఆపడానికి బానెట్ కింద ఒక లివరు పెట్టి, దాని మీద స్టాప్ అని రాసిపెట్టారు. వాళ్ళు అన్నీ ఆలోచించే చేశారు. తప్పు ఆ కారుది కాదు. ఈ మాట నేను ఎక్కడైనా చెబుతాను.

ఉగాదికి ముందురోజు ఇంజిన్ లేచింది. నాగేంద్రరెడ్డిని పిలిపించారు. షెడ్డు నిండా నల్లపొగ, దాని వెనకే గడగడమని ఒకే తీరు మోత. ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని రెండుసార్లు ఆక్సిలేటర్ తొక్కి మురిసిపోయాడు. తాళం తిప్పి బయటికి లాగాడు. ఇంజిన్ ఆగలేదు.

మా ఆయన లివరు నొక్కడానికి ముందుకు పోబోయాడు. నాగేంద్రరెడ్డి చెయ్యి అడ్డం పెట్టాడు. అంత పెద్దమనిషి కళ్ళల్లో నీళ్ళు.

"ముట్టుకోవద్దు! సూడు బాషా, తాతే! మా తాతే ఇది!"

అప్పుడు చెప్పాడు సంగతి. వాళ్ళ తాత ఆసుపత్రిలో పోయిన రోజు డ్రైవరు కారు ఇంటికి తెచ్చి తాళం తీశాడట. కారు ఆగలేదట. చేతిలో తాళం, వాకిట్లో ఆడుతున్న కారు. ఇంటి ఆడవాళ్ళు దండం పెట్టుకున్నారట, పెద్దాయన ఇల్లు విడిచి పోలేదని.

"మా తాత ఊపిరి దీంట్లో ఉండాది," అన్నాడు.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "అన్నా, అది గాలి లీకు. పంపులో రబ్బరు చినిగింటాది. మదరాసులో దొరుకుతాది. మార్చితే తాళం తిప్పినెంబడే ఆగుతాది."

"ఎవురడిగినారు నిన్ను ఆపమని?"

"అది గాదన్నా. ఆ గాలితోనే బ్రేకు గూడా పడేది..."

"ఇరవై ఏండ్లు మా తాత తొక్కలేదా బ్రేకు? రంగు బాగా వెయ్, అద్దాలు మార్చు, హారన్ మోగాల. ఇది మాత్రం ముట్టుకోవద్దు. పెండ్లిలో అందురికీ సూపిస్తా నేను, తాళం చేతిలో ఎత్తిపట్టుకొని."

నేను మజ్జిగ లోటాలతో అక్కడే నిలబడి ఉన్నాను. ఊరకుండలేకపోయాను.

"అన్నా, ఇంగోటి గూడా ఉండాది. బండి కదుల్తాండంగ తాళం పీకితే స్టీరింగు బిగుసుకుంటాది. దొంగలు తిప్పకుండా ఉండేకి అట్ల పెట్టినారు. పుస్తకంలో రాసుండాది."

ఆయన నన్ను అప్పుడే చూసినట్టు చూశాడు. "ఎంతవరకూ చదివినావమ్మా?"

"ఇంటర్. సగం."

"సగానికే జర్మనీ పుస్తకం చదువుతాండావు. అంతా చదివింటే ఇమానం తోలుతాంటివే!"

ఆయన మనుషులు ఇద్దరూ మజ్జిగ పొలమారేటట్టు నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. అది మాత్రం నేను మరిచిపోలేను.

"ఏం బాషా, ముట్టుకోవు గదా?"

"సరేన్నా."

వాళ్ళు పోయాక ఇంట్లో గిన్నెలన్నీ మోగించాను.

"అది తప్పని నీకు తెల్దా?"

"తెలుసుమే."

"తెలిసి ఎట్ల సరే అంటివి?"

"వాళ్ళ తాత ఊపిరి అంటాండాడు. ఊపిరికి రిపేరు చేస్తానంటే బాగుంటాదా?"

"ఊపిరి గాదు, రబ్బరు! మూడేండ్ల పిల్లను అడుగు, చెప్తాది."

"నీకు అన్నీ భయాలే. మనకు కావాల్సింది యేంది, కడుపులోకి నాలుగు మెతుకులు. పెద్దోళ్ళ కాడ నోరెత్తొద్దు నువ్వు."

నోరు మూసుకున్నాను. అందుకు నన్ను నేను కూడా తిట్టుకుంటాను. ఆ రోజు పుస్తకం పట్టుకుని పులివెందుల బస్సెక్కి, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళ ముందు కూర్చుని చదివి వినిపించి ఉంటే? వినేవాళ్ళు కాదేమో. నేను పోలేదు.

పెళ్ళి మే నెలలో, పొద్దున ఎనిమిదికి మగపెళ్ళివారి ఎదురుకోలు. జమ్మలమడుగులో ఫంక్షన్ హాలు. బండి దారిలో మొరాయిస్తే చూడడానికి మా ఆయన్ని వెనక వ్యానులో రమ్మన్నారు, నన్నూ పిల్లనూ కూడా తీసుకురమ్మన్నారు. వ్యాను డ్రైవరు మమ్మల్నిద్దరినీ హాలు దగ్గర దింపి, మా ఆయనతో కారు వెనక్కి పోయాడు. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది.

గేటు దగ్గర ఒక పెద్దావిడ ఎర్రనీళ్ళ పళ్ళెం కలుపుకుంటోంది. పసుపూ సున్నమూ కలిపిన నీళ్ళు, మధ్యలో కర్పూరం. పేరు వెంకటసుబ్బమ్మ. మైలవరం దగ్గర పల్లె. ముప్పై ఏళ్ళుగా పెళ్ళికూతురి ఇంట్లో పనిచేస్తోందట. పెళ్ళికొడుకు దిగేముందు కారుకు ఎదురుగా నిలబడి దిష్టి తియ్యడం ఆమె పని.

"ఏమ్మా, పిల్లను ఎండకు నిలబెట్టినావు? అది పెండ్లికి వచ్చిందా, వడియాలకు వచ్చిందా? రా ఈడికి," అని, గేటు స్తంభం పక్కన తను నిలబడ్డ నీడను మాకిచ్చి తను ఎండలోకి జరిగింది.

"బెంజి కారంట గదమ్మా. కొత్తదా?"

"పాతదే పెద్దమ్మా. నలభై ఏండ్లది. మా ఆయనే రిపేరు చేసినాడు."

"పెండ్లికొడుకు కంటే ముసిలిదా! అయితే దానికే ముందు దిష్టి తియ్యాల," అని పళ్ళన్నీ కనపడేటట్టు నవ్వింది.

కారు వచ్చింది. నిజం చెప్పాలంటే ఎంత అందంగా ఉందో! ఆ వెన్నరంగు మీద మల్లెపూల దండలు. నా మొగుడి చేతి పని అని నా గుండె ఉప్పొంగింది. ఆ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది ఇప్పుడు. వెనక సీట్లో వివేక్, స్టీరింగు దగ్గర నాగేంద్రరెడ్డి. గేటు దగ్గర దారి కొంచెం పల్లం. కారు నెమ్మదించింది. వెంకటసుబ్బమ్మ పళ్ళెం ఎత్తి రెండడుగులు ముందుకు వేసింది.

నాగేంద్రరెడ్డి కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి పైకెత్తాడు. వేళ్ళ మధ్య తాళం తళుక్కుమంది.

"సూడండ్రా! తాళం ఈడుండాది, బండి పోతానే ఉండాది! మా తాతరా!"

జనం ఈలలు వేశారు. కారు ఆగకుండానే పీకాడు తాళం.

నేను ఆయన ముఖం చూశాను. నవ్వు నోటి మీద అట్లాగే ఉంది, కళ్ళు మారిపోయాయి. స్టీరింగు తిరగడం లేదు. కాలితో బ్రేకు మీద లేచి నిలబడుతున్నాడు. కారు వేగంగా ఏమీ రాలేదు. అది ఎవరికి చెప్పినా అర్థం కాదు. మేత మేసి ఇంటికొచ్చే బర్రె నడిచినట్టు వచ్చింది. పెళ్ళికారు కదా, ఆగుతుందనుకుంది వెంకటసుబ్బమ్మ. ఒక్కడుగు వెనక్కి వేసింది. వెనక స్తంభం.

బానెట్ మీద ఎరుపు చూసి ఎర్రనీళ్ళు ఒలికాయనుకున్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను.

వ్యానులోంచి దూకి మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. నాగేంద్రరెడ్డిని పక్కకు నెట్టి గేరు పుల్ల న్యూట్రల్‌కు తోశాడు, బానెట్ ఎత్తి లివరు నొక్కాడు. మోత ఆగిపోయింది. నలుగురు కలిసి కారును వెనక్కి తోశారు. లోపల సన్నాయి వాయిస్తూనే ఉన్నారు, వాళ్ళకు తెలియదు. ఆమెను నీళ్ళ క్యాన్లు తెచ్చిన ఆటోలో ఎక్కించారు. ఆసియా నా మెడ చుట్టూ చేతులు బిగించి, "అవ్వ పళ్ళెం పడిపాయె," అంది.

ముహూర్తం తప్పలేదు. భోజనాల దగ్గర మిఠాయి కూడా మారలేదు.

మరుసటి రోజు పొద్దున నాగేంద్రరెడ్డి తండ్రి నారాయణరెడ్డి మా షెడ్డుకు తనే వచ్చాడు. అరవై ఐదేళ్ళ మనిషి, గొంతు పెంచడు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆసియాను దగ్గరికి పిలిచి తల నిమిరాడు.

"ఆ యమ్మకు తుంటి యిరిగింది. వైద్యం మేం చూసుకుంటాం, దాంట్లో మాట లేదు. కేసు మాత్రం రాసుకోక తప్పదంటాండారు. కోడలు అడుగుపెట్టిన దినమే పెద్దకొడుకు మీద కేసంటే బాగుంటాదా? నువ్వు తోలినట్టు రాపిస్తాం బాషా. మెకానిక్ తోలి చూస్తాంటే బ్రేకు పడలేదని. చిన్నకేసు. లాయరు మాది. ఒక్క దినం గూడా లోపలుండే పని లేదు."

మా ఆయన నా వైపు చూశాడు.

"వద్దు," అన్నాను పైకే.

"నువ్వు భయపడాకు తల్లీ," అన్నాడు నారాయణరెడ్డి.

"నాది భయం గాదు పెద్దాయనా, కోపం. బ్రేకు పడదని చెప్పింది ఈయనే. తాళం పీకొద్దని చెప్పింది నేను. నీ కొడుకు మమ్మల్ని చూసి నవ్వినాడు."

ఆయన నా మాట విన్నట్టే తల ఊపాడు. తర్వాత నేనక్కడ లేనట్టు మా ఆయన వైపు తిరిగాడు. "ఏం బాషా?"

మా ఆయన గోటి కిందున్న గ్రీజు గీరుకుంటున్నాడు.

"సరేన్నా," అన్నాడు. తండ్రి వయసున్న మనిషిని పట్టుకుని అన్నా అన్నాడు. అంత అలవాటైపోయింది ఆ మాట నాలుకకు.

ఆ వారమంతా నేను ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టడం, గిన్నె తియ్యడం, అంతే. వారం తర్వాత ఆసియాను చంకనేసుకుని ఆసుపత్రికి పోయాను. ఎందుకు పోయానో చెప్తాను. పోలీసులు అడిగితే వెంకటసుబ్బమ్మ కూడా మా ఆయనే తోలాడని చెప్పి వేలిముద్ర వేసిందని తెలిసింది. తిట్టడానికే పోయాను.

కాలికి బరువు కట్టి వేలాడదీశారు. నన్ను చూసి గుర్తుపట్టింది.

"రా తల్లీ. నన్ను తిట్టేకి వచ్చినావు గదా. తిట్టు."

"ఎవురు తోలినారో నువ్వు చూసినావు గదా పెద్దమ్మా."

"చూడకేం? ఎదురుగానే ఉంటిని. తాళం ఇట్ల ఎత్తిపట్టుకొని నవ్వుతాండె. ఆయప్ప నవ్వుతాంటే నేను గూడా నవ్వితిని."

"మరి?"

"నా కోడలు ఆ పెండ్లికూతురోళ్ళ ఇంట్లోనే చేస్తాది. నా మొగుడు వాళ్ళ చీనీతోటలో కాపలా. మేముండే ఇల్లు వాళ్ళది. నువ్వే చెప్పు, ఏం చెప్పమంటావో. నువ్వు చెప్పినట్టే చెప్తా."

 ఆమె జుట్టు అట్టలు కట్టి ఉంది. నా సంచిలో దువ్వెన తీసి మెల్లగా చిక్కు తీస్తూ కూర్చున్నాను. కోపం ఎక్కడికీ పోలేదు. దించుకోవడానికి చోటే దొరకలేదు.

జూన్ మొదట్లో అదే లారీ మీద ఆ కారు మళ్ళీ మా షెడ్డుకు వచ్చింది. ముందు దీపం పగిలింది, బంపరు లోపలికి వంగింది. "డెంటు తీసి రంగెయ్యమన్నాడు అన్న. లోపల ఏమీ ముట్టుకోవద్దన్నాడు," అన్నాడు వచ్చినవాడు. మా ఆయన తల ఊపాడు. నా ఒళ్ళు భగ్గుమంది. ఆ కారును ఇంటి ముందు పెట్టుకున్న రోజు నేను పొయ్యి వెలిగించలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చేతిలో బస్సు పార్సిల్‌లో వచ్చిన అట్టపెట్టె.

"ఆ పంపు పేజీ తియ్యిమే. చదువు."

నేను కళ్ళెత్తి చూశాను. "వాళ్ళు అడగలేదు గదా?"

ఆయన పోయి కారు ముందు కూర్చున్నాడు. నేను పుస్తకం తెచ్చి చదివాను. ఏ బోల్టు ముందు, ఏది తర్వాత, ఎంత బిగించాలి. "ఇంగోసారి చదువు" అన్నాడు. మళ్ళీ చదివాను. పొద్దు గుంకేలోపల పని అయిపోయింది.

నాగేంద్రరెడ్డి కారు తీసుకుపోవడానికి వచ్చాడు. స్టార్టు చేసి, ముచ్చటగా చూసుకుని, తాళం తిప్పాడు. ఇంజిన్ ఆగింది. మళ్ళీ స్టార్టు చేసి మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఆగింది.

"ఏం చేసినావ్రా?"

"గాలి లీకు కట్టినా."

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురూ చెప్పలే," అన్నాడు మా ఆయన. అన్నా అనలేదు.

"మా తాతను సంపినావు గదరా!" ఆయన స్టీరింగు మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు, నిజం ఏడుపే. అందుకే నాకు ఇంకా మండింది.

"ఆ యమ్మ స్తంభానికి నలిగినప్పుడు ఇట్ల ఏడ్చింటే బాగుండు," అన్నాను.

ఆయన వినలేదు. మనుషులను పిలిచి మా షెడ్డు వెనకున్న పాత ఇనుము కుప్ప అంతా వెతికించాడు. చినిగిన రబ్బరుతో సహా ఆ పాత పంపు దొరికింది. మసి తుడిచి, భుజం మీది తువ్వాల్లో చుట్టుకుని, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పోయాడు.

పది రోజులకు పులివెందుల మెకానిక్ ఒకాయన మా ఆయనకు ఫోను చేశాడు. "ఏంది బాషా ఇది! బండి ఆగడం లేదని వచ్చేటోళ్ళను చూసినా గానీ, ఆగుతాండాది, ఆగకుండా చెయ్యమని వచ్చినోన్ని ఇప్పుడే చూస్తి!" అని నవ్వుతున్నాడు. ఆ పాత పంపు బిగించావా అని అడిగాడు మా ఆయన. బిగించాడట. ఆయనకూ ఇద్దరు పిల్లలు. ఆ కారు ఇప్పుడు తాళం తీసినా ఆగదు. శ్రావణంలో వాళ్ళ బంధువుల పెళ్ళిలో కూడా చూపించారట.

కేసు జమ్మలమడుగు కోర్టులో నడుస్తోంది. వాయిదా ఉన్న రోజు మా ఆయన తెల్లచొక్కా వేసుకుని పొద్దున బస్సుకు పోతాడు, సాయంత్రానికి వస్తాడు. ఏం జరిగిందని అడిగితే "ఇంగో తారీఖు" అంటాడు. శిక్ష పడుతుందో లేదో నాకు తెలియదు. వాళ్ళ లాయరు నన్ను పిలిచి గట్టిగా చెప్పాడు, ముద్దాయి పెళ్ళానివి, సాక్షి దగ్గరికి పోకూడదు, పోతే బెదిరించడానికి పోయావంటారు, నీ మొగుడికే మోసం అని. అందుకని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశాక వెంకటసుబ్బమ్మను నేను చూడలేదు.

మీరు పోవచ్చు. మీకు ఏ కేసూ లేదు. మైలవరం డ్యాం దగ్గర బస్సు దిగి, చేపలమ్మేవాళ్ళను అడగండి, పెండ్లిలో తుంటి విరిగిన వెంకటసుబ్బమ్మ ఇల్లు ఎక్కడని. నేను పంపానని చెప్పొద్దు. దాహానికి నీళ్ళడిగి కాసేపు కూర్చోండి. గోడ పట్టుకునైనా లేస్తోందా, కోడలు పనికి పోయినప్పుడు ఆమె దగ్గర ఎవరుంటున్నారు, మంచం గుమ్మం దగ్గర వెలుతురులో వేశారా, లోపల మూలకు వేశారా, చూసి నాకు చెప్పండి.